తేలుతామని చెప్పిన పాఠం

తొమ్మిదో తరగతికి సాంద్రత పాఠం కంప్యూటర్‌లో చూపించి చెప్పమని మా హెడ్‌మిస్ట్రెస్ అన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఇరవై ఏళ్లుగా ఆ పాఠాన్ని ఒక గాజు గ్లాసు, ఒక కోడిగుడ్డు, గుప్పెడు ఉప్పుతో నెట్టుకొస్తున్నదాన్ని. పిల్లల ఎదుట ఏ మీట నొక్కాలో తెలియక బిక్కచచ్చిపోతానేమోనని భయం. భయపడాల్సింది దానికి కాదని తర్వాత తెలిసింది.

మాది ఖరగ్‌పూర్‌లో తెలుగు బడి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల పిల్లలు, బజారులో కొట్లున్నవాళ్ల పిల్లలు ఎక్కువ. పాఠం రోజు కంప్యూటర్ గదిలో కిటికీలు మూసి ప్రొజెక్టర్ వేశాం. గోడ మీద నీలం నీళ్లున్న తొట్టి కనిపించింది. పక్కన చెక్క దిమ్మ, మంచు దిమ్మ, ఇటుక. మౌస్‌తో దేన్నైనా పట్టుకుని నీళ్లలో వదిలితే అది తేలడమో మునగడమో చేసేది. దిమ్మ పెద్దది కాకుండా బరువు ఒక్కటే పెంచుకుంటూ పోతే, అది కొంచెం కొంచెం కిందకు దిగి, ఒక చోట దాటాక అడుక్కి చేరిపోయేది. పిల్లలు బెంచీలు వదిలేసి గోడ దగ్గరకు వచ్చేశారు. గుడ్డుతో ఇన్నేళ్లలో వాళ్లని ఒక్కసారి కూడా అంత దగ్గరకు రప్పించలేకపోయాను.

వెనక నుంచి ఒక పిల్ల అడిగింది. వాళ్లకి గోల్‌బజార్‌లో గాజుల కొట్టు ఉంది. పద్నాలుగేళ్లది, తరగతిలో నోరు విప్పడమే తక్కువ.

"టీచర్, మనిసినేస్తే ఏటౌతాది?"

అప్పటికి నా కంప్యూటర్ భయం పోయింది, దాని చోట కాస్త గర్వం వచ్చింది. మనిషి సాంద్రత నీటి కన్నా కొంచెం తక్కువని చదివిన గుర్తు. దిమ్మ బరువు అలాగే సరిచేసి వదిలాను. అది దాదాపు అంతా మునిగి, పైన సన్నటి అంచు మిగిలి, ఆగింది.

"చూశావా, తేలుతాం."

"మరి సెరువుల్లో జనం ములిగిపోతారేటి?"

"భయపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మునుగుతారు. కదలకుండా ఉంటే నీళ్లే మోస్తాయి."

గంట కొట్టారు. ఆ చివరి మాట నేను ఎక్కడా చదివింది కాదు. గంట కొట్టేలోపు ఏదో ఒక జవాబు ఇవ్వాలి కదా అని ఇచ్చేశాను.

మర్నాడు హాజరు పిలిస్తే ఆ పిల్ల లేదు. రోజూ ఆమెతో పాటు సైకిల్ మీద వచ్చే స్నేహితురాలూ లేదు. జ్వరాల కాలం, పట్టించుకోలేదు. మొదటి పీరియడ్ అయ్యాక ముందు బెంచీ పిల్ల నా వెనకే వరండాలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"టీచర్, ఆళ్లిద్దరూ సాలువా దారిలో సెరువుకాడికెళ్లినారు. కదలకుండా ఉంటే తేల్తారో లేదో సూస్తారంట. నన్నూ రమ్మన్నారు. నేనెల్లలేదు."

చేతిలోని హాజరు పట్టీ ఎవరి చేతిలో పెట్టానో గుర్తు లేదు. హెడ్‌మిస్ట్రెస్ మీటింగ్‌కి వెళ్లింది. ఎవరికీ చెప్పకుండానే గేటు దాటి ఆటో ఎక్కాను. గోల్‌బజార్ దగ్గర చేపల బండి ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. అటు రిక్షాలు, ఇటు రిక్షాలు. "జల్దీ దాదా" అని రెండుసార్లు అన్నాను. నాకు ఈత రాదు. వెళ్లి ఏం చేస్తానో తెలియదు. ఆ పిల్ల నలభై కిలోలుంటుందేమో, బట్టలు తడిస్తే ఇంకెంత అవుతుందో, ఊపిరి వదిలేస్తే ఏమవుతుందో, ఇవన్నీ బుర్రలో వాటంతటవే లెక్క కడుతున్నాయి. ప్రతిసారీ నీలం తొట్టిలో దిమ్మ అడుక్కే పోతోంది. బజారు జనంలో ఆ పిల్ల తల్లి కనిపిస్తుందేమోనని తల వంచుకుని కూర్చున్నాను.

చెరువు గట్టు మీద రెండు సైకిళ్లు, రెండు జతల చెప్పులు కనిపించాయి. మనుషులు గుంపుగా ఉన్నారు. ఆటో డ్రైవరే దిగి, నన్ను మోచెయ్యి పట్టి నడిపించాడు.

మెట్ల మీద ఒక బెంగాలీ ఆవిడ ఒళ్లో ఆ పిల్ల బోర్లా పడుకుని నీళ్లు కక్కుతోంది. ఆవిడ గిన్నెలు తోముతూ, ఒక తల కిందకీ పైకీ అవుతుంటే చూసి, మెడలోతు దాకా దిగి జడ పట్టి లాగిందట. రెండో పిల్ల పక్కన కూర్చుని వణుకుతోంది, ఏడుపు కూడా రావడం లేదు.

"భోయ్ నేయ్ దీదీ, బేఁచే ఆఛే," అంది ఆవిడ నన్ను చూసి. భయం లేదు, బతికే ఉంది. తర్వాత అడిగింది, "ఆప్నార్ మేయే?"

నా కూతురా అని. అవునన్నట్టు తలూపి, "హ్యాఁ" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసి లేవబోయింది. "నేను కదల్లేదు టీచర్. మీరు సెప్పినట్టే కాళ్లెత్తేసి కదలకుండా ఉన్నాను. ముక్కులోకొచ్చేసినాయి."

అదే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరు ఊపిరితిత్తులు విని, సాయంత్రం దాకా పడుకోబెట్టమన్నాడు. దగ్గు పెరిగినా, ఊపిరి వేగమైనా వెంటనే చెప్పమన్నాడు. కబురు విని తల్లి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల నా వైపు చూడకుండా, గట్టు మీద కాలు జారిందని ఆమెకి చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, మాట్లాడలేదు. సాయంత్రం దాకా ఆ పిల్ల ఛాతీ లేవడం, పడడం చూస్తూ కూర్చున్నాను.

నా నోటి నుంచి విషయం విన్న హెడ్‌మిస్ట్రెస్ తలుపు దగ్గరగా వేసింది. "మీరు పంపలేదు కదా. పిల్ల జారిపడ్డానంటోంది. ఇక నోరు మెదపకండి," అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమెకీ భయమే. రెండు రోజులు ఆ మాట విన్నాను. ఒక పిల్ల నా కోసం తల్లికి అబద్ధం చెప్పిందన్నది మాత్రం మింగుడు పడలేదు. ఉద్యోగం పోతే పోయిందని అనుకోగలిగినంత ధైర్యం నాకు లేదు. అయినా మూడో రోజు వాళ్ల ఇంటికి వెళ్లాను.

తల్లి గాజులు సైజుల వారీగా దారానికి గుచ్చుతోంది. పీట వేసింది. కూర్చోకుండానే చెప్పేశాను.

"మీ పిల్ల జారలేదమ్మా. కదలకుండా ఉంటే తేల్తారని నేనే సెప్పినాను."

ఆమె చేతిలోని గాజును దారానికి గుచ్చి, ముడి వేసింది.

"ఆ రోజే సెప్పేసింది మాతల్లి. ఒట్టేయించుకుంది, మిమ్మల్ని అడగొద్దని. మీరొస్తారో రారో అని సూస్తన్నాను."

పీట మీద కూర్చున్నాను. అప్పుడామె తలెత్తి అడిగింది. "ఇంతకీ తేల్తామా, తేలమా?"

"తేల్తామమ్మా. కానీ పైకి తేలేది ఇంతే." నా నడినెత్తి మీద చెయ్యి పెట్టి చూపించాను. "నిలువుగా ఉంటే ముక్కు నీళ్లలోనే ఉంటాది. ఒక్కపాలి నీళ్లు పీలిస్తే, లోపలి గాలి పోయి కిందకే."

"అది ముందు సెప్పాల," అంది.

అరవలేదు, ఫిర్యాదు చేస్తానని అనలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

తర్వాతి వారం అదే గదిలో అదే తొట్టి మళ్లీ వేశాను. మనిషి దిమ్మను నీళ్లలో వదిలి, ముక్కు ఎక్కడుంటుందో ఎవరైనా చూపించమన్నాను. ఎవరూ కదల్లేదు. ఆ పిల్లే లేచి వచ్చి, గోడ మీద నీటి గీతకి జానెడు కింద వేలు పెట్టింది. నేను చెప్పింది తప్పని, ఎందుకు తప్పో, పిల్లలందరి ముందూ చెప్పాను.

ఆ పిల్ల ఇప్పుడు పదకొండో తరగతి, సైన్సే తీసుకుంది. నేను ఏటా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. మనిషి సంగతి ఏ ఏడాదైనా ఎవరో ఒకరు అడుగుతారు. మౌస్ వదిలేసి, లైట్లు వేయించి, వాళ్లందరినీ కూర్చోబెట్టి, అప్పుడు జవాబు మొదలుపెడతాను.