రిమోట్ క్రేను చూడటానికి మేడ్చల్ దాకా

మా ఇంట్లో టీవీ రిమోట్‌ను అరచేతిలో రెండు దెబ్బలు కొడితే గానీ చానల్ మారదు. అందుకే, మేడ్చల్ దగ్గర ఇనుప షెడ్డులో క్రేను నడిపే మా ఆయన "ఇగ పైన క్యాబిన్ల కూసునుడు లేదు, రిమోట్ ఇచ్చిండ్రు" అని ఫోన్‌లో సంబరంగా చెప్పినప్పటి నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు. ఇక్కడ ఆర్మూర్‌లో తెలిసిన పసుపు వ్యాపారి, సేటు, తూకం కాంటా దగ్గరికి మనిషి కావాలన్నాడు, శనివారం సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు. "ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక గూడ భయమైతే మానేసి వస్త" అన్నాడు మా ఆయన. ఆ శనివారమే షెడ్డులోకి పనివాళ్ల ఇంటివాళ్లను రానిస్తారట. రెండున్నరేళ్ల చిన్నును ఎత్తుకుని బయలుదేరాను.

ఉదయం 5:40కి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, చిన్నుకు అదీ అక్కర్లేదు. పక్క సీట్లో ఆలూర్ పెద్దమ్మ ఒకావిడ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"రిమోట్ తోనా? మా మనుమడు గా రిమోట్ కారును నా కాళ్ల మీదికెల్లే పోనిస్తడు బిడ్డా!" అని పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏడు గంటలకు కామారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, సగం చిన్ను తిన్నది. 9:05కి మేడ్చల్‌లో దిగి, షేర్ ఆటోకు ముప్పై ఇచ్చి షెడ్డు గేటు చేరాం. నా తల మీద హెల్మెట్ పెట్టి, సూపర్‌వైజర్ నేల మీది పసుపు గీత చూపించాడు. "చెల్లె, గీత దాటద్దు. పిల్లను కింద దించద్దు."

మా ఆయన మెడలో బెల్టుకు టిఫిన్ డబ్బా అంత పెట్టె వేలాడుతోంది, అదే రిమోట్. నాలుగు దిక్కులా చూసి, హారన్ కొట్టి, బటన్ సగం నొక్కాడు. ఇనుప రేకుల కట్ట మెల్లగా లేచింది. ఆయన కాస్త ఎడంగా, దాని వెంటే నడుస్తున్నాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. సేటు. సంచిలోంచి తీసే తొందరలో చిన్ను చెప్పు ఊడి గీత అవతల పడింది. ఆలోచించకుండా ఒక అడుగు వేసి వంగాను.

ఠక్కుమని చప్పుడు. క్రేను ఉన్నచోటే నిలిచింది. రేకులు గాలిలో చిన్నగా ఊగుతున్నాయి. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"నా ఫోన్‌తోనే ఆగిందా? పడిపోతదా?" అని అరిచాను.

"ఫోన్ గాదు, నేనే ఆపిన. గీత దాటినవ్. ముందు ఎనుకకు పో!"

ఆయన అరచెయ్యి ఎర్ర బటన్ మీద ఉంది. నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను వెనక్కి వచ్చాక కూడా వెంటనే నా దగ్గరికి రాలేదు. ఎర్ర బటన్ తిప్పి వదిలి, మళ్లీ స్టార్ట్ చేసి, బరువును నేల మీద దించి, పెట్టెకున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే, చాయ్ తాగుదాం రమ్మంటూ వచ్చాడు.

"చాయ్ తాగనీకి గూడ తాళమేనా?" అన్నాను.

"చెవి నా జేబుల ఉంటే గా డబ్బ ఎవల చేతిల ఉన్నా ఆటబొమ్మనే."

చాయ్ తాగుతూ అన్నీ అడిగాను. ప్రతి రిమోట్‌కూ సొంత కోడ్ ఉంటుందట. క్రేను పైనున్న రిసీవర్ ఆ ఒక్కదాని మాటే వింటుంది. పక్క షెడ్డు రిమోట్ నొక్కినా, ఎవరి ఫోన్ మోగినా పట్టించుకోదు. వేలు తీస్తే ఆగుతుంది. సిగ్నల్ తెగినా, బ్యాటరీ అయిపోయినా ఆగడమే.

"మరి కరెంట్ పోతే?"

"బ్రేకును తెరిచి ఉంచేదే కరెంట్. అది పోతే స్ప్రింగు వచ్చి గట్టిగ పట్టుకుంటది. పొద్దుగాల వచ్చినంక మొదలు నొక్కి చూసేది ఎర్ర బటనే. అయినా బరువు కింద ఎవ్వలు నిలవడద్దు, కొక్కెం, తాడు రోజూ చూసుకోవాలె." గీత వైపు చెయ్యి చూపి అన్నాడు: "పైన క్యాబిన్ల ఉంటే నువ్వు వంగింది నాకు కనవడకపోయేది."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ ఆయన పైన కూర్చుంటేనే భద్రం అనుకున్నాను.

మీలో ఎవరైనా ఇలా చూడటానికి వెళ్తే ఫోన్ గేటు దగ్గరే ఆపేయండి, పిల్లలకు బెల్టు ఉన్న చెప్పులు వేయండి.

2:20కి మేడ్చల్‌లో బస్సు ఎక్కితే తూప్రాన్ దాటాక సీటు దొరికింది. చిన్ను ఒళ్లో నిద్రపోయింది. రామాయంపేట దగ్గర సేటుకు ఫోన్ చేశాను.

"ఏమాయె బిడ్డా, వస్తున్నడా?"

"రాడు సేటూ. వేరే మనిషిని చూసుకోండ్రి."

"గంత మంచిగున్నదా గా క్రేన్ నడుపుడు?"

"నడుపుడు గాదు సేటూ, ఆపుడు మంచిగొస్తది ఆయనకు."

కిటికీకి తల ఆనించి, డిచ్‌పల్లి దాకా నేనూ నిద్రపోయాను. అలా నిద్రపోయి చాలా రోజులైంది. 5:50కి ఆర్మూర్‌లో దిగాక, బస్టాండ్ ముందు దుకాణంలో టీవీ రిమోట్‌కు రెండు కొత్త బ్యాటరీలు కొన్నాను.