అమ్మ పిడికెడు బియ్యం

మంచం పక్కన నిలబడ్డ పాస్టరుగారి చేతిలోని పళ్లెంలో ఒక రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఉన్నాయి. వాటి కోసం అరవై ఏళ్లకు పైగా ఎదురుచూసిన మా అమ్మ పెదవులు బిగించుకుని గోడవైపు తిరిగిపోయింది. పోయిన చలికాలంలో, కార్వాన్ బస్తీలోని మా ఇంట్లో, నా కళ్లముందే జరిగింది ఇది. ఆ వారం దాటకముందే ఆమె కన్నుమూసింది. అప్పటినుంచి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక నాలో నేనే సణుక్కుంటున్నాను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఊరి తగాదాలన్నిటినీ రెండు వైపులా విని రాసినవాడిని, మా ఇంటి తగాదాను మాత్రం ఒక కొలిక్కి తేలేకపోయాను.

మా అమ్మ క్రైస్తవుల ఇంట పుట్టింది. పెళ్లికి ముందు నర్సుల హాస్టల్లో వంట చేసేది. మా నాయనది బర్రెలను నమ్ముకున్న ఇల్లు. తెల్లవారకముందే సైకిల్‌కు క్యాన్లు తగిలించుకుని ఆ హాస్టల్‌కు పాలు పోసేవాడు. ఆ పాలగిన్నె దగ్గర ఏం మాటలు కలిశాయో మాకెవరూ చెప్పలేదు గానీ, పెళ్లి మాత్రం మా నాయనమ్మ పట్టుబట్టినట్టే పుస్తె మట్టెలతో మా వాకిట్లో జరిగింది. తర్వాతి ఆదివారం అమ్మ ఎప్పటిలాగే చర్చికి వెళితే సంఘ పెద్దలు ఆమెను అందరి ముందు లేపి నిలబెట్టి, బయటివాణ్ణి బయటి పద్ధతిలో చేసుకున్నావు గనుక ఇకమీదట ప్రభు బల్లకు రావద్దన్నారట. నెలకోసారి, మొదటి ఆదివారం, సంఘమంతా ముందుకు వెళ్లి రొట్టె, రసం తీసుకుంటుందే, అది ఆమెకు లేదన్నమాట. ఆ పెళ్లి తప్పేనని సంఘం ముందు ఒప్పుకుంటే తిరిగి చేర్చుకుంటామని ఒక దారి కూడా చూపించారు.

అమ్మ ఒప్పుకోలేదు. అలాగని చర్చి మానలేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆదివారం పొద్దున అన్నను నాయనమ్మ దగ్గర వదిలి, అమ్మను వెనక క్యారియర్ మీద, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, పురానాపూల్ వంతెన దాటించి చర్చి గేటు దగ్గర దింపడం మా నాయనకు పాలు పోయడమంత అలవాటైన పని. తను మాత్రం లోపలికి వచ్చేవాడు కాదు, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చునేవాడు. మొదటి ఆదివారం, అందరూ బల్ల దగ్గరికి లేచే వేళకు అమ్మ బైబిలును రుమాల్లో చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేది. అప్పటికే నాయన చాయ్ చెప్పి, సగం సాసర్లో పోసి ఉంచేవాడు. ఇద్దరూ చెరిసగం తాగేవారు. చివరి పాట మొదలవగానే ఆమె కొంగు సర్దుకుని మళ్లీ లోపలికి వెళ్లేది. నాయన పోయాక అమ్మ ఆ హోటల్ గడప తొక్కలేదు. అంతసేపూ చర్చి మెట్ల మీద కూర్చునేది.

నన్ను ఎక్కువగా మండించింది ఇది కాదు, బియ్యం. రోజూ ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేర డబ్బాలో వేయడం మన చర్చిల్లో ఆడవాళ్ల ఆచారం. నెల తిరిగేసరికి అందరూ తెచ్చి ఒకే గోనెసంచిలో పోస్తారు. అమ్మ ఒక్క పూట తప్పలేదు. బేగంబజార్ నుంచి మంచి బియ్యం వచ్చినా, రేషన్ నూకలే దిక్కైన రోజుల్లోనైనా ఆ పిడికెడు పక్కకు పోవాల్సిందే. ఆమె చెయ్యి బల్లకు పనికిరాదన్న పెద్దలకు ఆ చేత్తో తీసిన బియ్యం పనికొచ్చింది. కాలేజీ రోజుల్లో ఉండబట్టలేక అడిగేశాను, ఈ చర్చి కాకపోతే ఊళ్లో ఇంకో చర్చే లేదా అని.

“అత్తగారింట్ల లొల్లి అయిందని ఇంకో అత్తగారిల్లు చూస్కుంటరారా?” అంది అమ్మ.

“అట్ల చూస్కుంటే నా గతేంది మరి?” అన్నాడు నాయన, పాలక్యాను కడుగుతూ.

మా నాయనమ్మ వైపు నుంచీ ఆమెకు సుఖం లేదు. బోనాలకు ఇల్లు అలికి, వచ్చినవాళ్లందరికీ వండిపెట్టేది గానీ బోనం ఎత్తేది కాదు. “ఆడ చర్చోళ్లు రానియ్యరు, ఈడ నువ్వు రావు, నడిమిట్ల నిన్నేం జేసుకోవాలె?” అని నాయనమ్మ ఏటా దెప్పేది. అదే నాయనమ్మ మంచాన పడ్డాక, నొప్పి ఎక్కువైనప్పుడల్లా కోడలిని పిలిచి నీ దేవుని పాట పాడవే అని అడిగేది.

ఇన్నేళ్లకు కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, ఎవరో ఈ సంగతి చెబితే, మనసు కరిగి తనంతట తానే పళ్లెం పట్టుకుని వచ్చాడు. అవన్నీ పాత సంగతులమ్మా, ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు, తీసుకోండి అన్నాడు.

“పాతవైతే గా మాట చర్చిల చెప్పుండ్రి అయ్యగారూ,” అంది అమ్మ. “నన్ను వద్దన్ననాడు అందరి ముందట లేపి అన్నరు. గిప్పుడు మంచం కాడికొచ్చి చెవుల చెప్తే ఎట్ల?”

ఆయన తల దించుకుని, కమిటీతో మాట్లాడతానన్నాడు. ఆయన వెళ్లాక నేను అమ్మ మీద విసుక్కున్నాను, ఈ వయసులో ఇంకా ఏం పంతమని.

“పంతం కాదు బిడ్డా,” అంది, గోడవైపే చూస్తూ. “గిట్ల చాటుకు తింటే మీ నాయనను చేసుకున్నది తప్పయితది.”

అంత్యక్రియలకు సంఘమంతా కదిలి వచ్చింది. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ఆమె సంఘానికే తల్లి అన్నాడు. ఆ మైకు లాక్కుని మిగతాది నేను చెబుదామనుకున్నాను, మా అన్న నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆమెను వెలివేయడం తప్పేనని ఒక్క ఆదివారం, అందరి ముందు, ఒక్క మాట ప్రకటించమని కమిటీని అడుగుతూనే ఉన్నాను. “పోయినామెకు ఇప్పుడేం ప్రకటన అన్నా, దేవుడే చేర్చుకున్నడు గదా!” అంటారు. కుర్ర పాస్టరు పాపం నిజాయితీగానే ‘వచ్చే మీటింగులో’ అంటాడు, ఆ మీటింగు వాయిదా పడుతుంది.

ఆనాటి పెద్దల్లో ఇవాళ ఒక్కరూ బతికి లేరు. వాళ్ల మనవళ్లు నచ్చినవాళ్లను చేసుకుంటున్నారు, ఫంక్షన్ హాల్లో అటు పుస్తె, ఇటు ప్రార్థన రెండూ జరుగుతున్నాయి, మొదటి ఆదివారం ఆ జంటలు అందరితోపాటు లేచి బల్ల దగ్గరికి వెళుతున్నాయి. సంతోషమే. కానీ ఆ పాత నియమాన్ని ఎవరూ కొట్టేయలేదు, మరిచిపోయారంతే. అది పట్టుకుని బతికింది మా అమ్మ ఒక్కతే.

ఎన్నడూ చర్చి మెట్లెక్కని మా వదిన ఇప్పటికీ, అత్త చేసినట్టే, ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి డబ్బాలో వేస్తోంది. అది నిండిపోయి, మూత పడక పైన పళ్లెం బోర్లించింది. చర్చికి పంపాలా వద్దా అని నన్ను అడుగుతోంది.