నా బదులు నడిచిన సుబ్బారావు

కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, బేరంలో నన్ను మించినవాడు లేడు. బరువు తగ్గాలంటే రోజూ నడవాలని డాక్టరు చెబితే, అడుగులు లెక్కపెట్టే వాచీని వాన్ అనే ఊళ్లోని మా గోడౌన్లో దినమంతా బండి తోసే సుబ్బారావు చేతికి కట్టాను. వారానికి రెండు బిర్యానీలు అడిగితే ఒకటికి దించాను కూడా!

మూడు నెలల తర్వాత డాక్టరు ఆ అడుగులు చూశారు, నా బరువూ చూశారు. ఇంత నడిచినా నాలుగు కిలోలు పెరిగానంటే గుండె జబ్బేమోనని పరీక్షలు రాశారు.

"ఆయాసం దాస్తున్నారా ఏమండీ?" అంది నా భార్య లత, కారులో. నాకు నిజం ఒప్పుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

"ఈ తొమ్మిది రోజులూ మీకు ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నానండీ!" అంది.

ఇప్పుడు నేనే నడుస్తున్నాను. నిజాయితీగా లెక్క వేస్తే, పెరిగిన నాలుగు కిలోల్లో మూడు దిగాయి. లత భయం మాత్రం దిగలేదు. ఇప్పటికీ నిద్రలో నా గుండె మీద చెయ్యి వేసి చూస్తుంది.