కుడి చెయ్యి లేపుడు

సకల జనుల సమ్మె మొదలైన వారానికే మా ఆయన మీద నాకు విరక్తి పుట్టింది. ఆయన బస్సు కండక్టరు. బస్సులు బందువెట్టి ఇంట్ల కూసున్నడు. నా కుడి భుజమేమో పట్టేసి రెండు నెలలాయె, చెయ్యి ఛాతి దాటి లేస్తలేదు. జనగామ దవాఖానల డాక్టరు గోడకు ఎదురుంగ నిలవడి వేళ్లు మెల్లమెల్లగ పైకి పాకియ్యమన్నడు. రోజూ చెయ్యకుంటె చెయ్యి గట్లనే ఉండిపోతదన్నడు.

నేను ప్రైవేటు బడిల లెక్కల టీచర్ను. "బోర్డు మీద రాయొస్తెనే రా మేడం, లేకుంటె వేరేటోళ్లను చూసుకుంట" అని మా కరస్పాండెంటు మొఖం మీదనే చెప్పిండు. సమ్మెకు బడులు మూతవడ్డయి గనుక జర గడువు దొరికింది. దొరికింది గని, చేసుడేది?

మా ఆయన గోడకు టైంటేబుల్ అతికిచ్చిండు. పొద్దుగాల ఐదింటికి మొదటి ట్రిప్పు, పదకొండింటికి రెండో ట్రిప్పు, పొద్దూకంగ మూడోది. ట్రిప్పట! చెయ్యి లేపుడు గూడ ట్రిప్పేనా? పైంగ టైముకు విజిలేసుడు. ఆ విజిలు ఇంటె భుజం ఇంకింత బిగుసుకునేది. రెండు రోజులు చేసేది, మూడో నాడు ఎగ్గొట్టేది.

"నీకు పట్టుదల లేదు."

"నీ పట్టుదల నీ దగ్గరనే వెట్టుకో! నొచ్చేది నాకు."

ఉద్యోగం పోతదని భయం ఒకదిక్కు, ఈయన విజిలు ఒకదిక్కు. గోడ ముందట నిలవడి ఏడ్చిన గూడ.

ఆ పరేషాన్ పడలేక చౌరస్తల రిలే దీక్షల టెంటుకు పోయి కూసున్న. ఆడోళ్ల వరుసల నా పక్కన ఒక ముసలవ్వ. మైకుల "జై తెలంగాణ" అనంగనే అందరు పిడికిలి లేపిండ్రు. నేను ఎడమ చెయ్యి లేపిన. అవ్వ దాన్ని గుంజి కిందికేసింది.

"ఎడమ చేత్తోని జై కొడతరా బిడ్డా? గట్లయితె తెలంగాణ వచ్చేది గూడ రాదు!"

"కుడిది లేస్తలేదవ్వా, నొస్తది."

"ఎంత లేస్తె గంతనే లేపు. కుడిదే లేపు."

తప్పుతదా! ఛాతి దాంక లేపిన. పానం పోయినంత పనైంది. మల్ల నినాదం, మల్ల లేపుడు. నేను ఆగితె అవ్వ మోచేత్తోని పొడిచేది. ఆ నాడు ఎన్నిసార్లు లేపిన్నో ఎరికలేదు. తెల్లారి ఎవ్వరు చెప్పకుంటనే, అన్నం తినంగనే కాళ్లు అటే పోయినయి. ఆ తెల్లారి గూడ గంతే. నెల తిరిగేటాల్లకు పిడికిలి చెవు దాంక వచ్చింది. మా ఆయన మాత్రం తన టైంటేబుల్ పనిచేసిందని వాడకట్టంత చెప్పుకున్నడు. నాకు ఒళ్లు మండింది.

సమ్మె అయిపోయింది, బడి తెరిచిండ్రు. ఏడో తరగతిల బోర్డు ముందట నిలవడ్డ. తలుపుకాడ కరస్పాండెంటు చూసుకుంట నిలవడ్డడు. చాక్‌పీసు వట్టి లేపుదునంటె చెయ్యి ఛాతి కాడ్నే ఆగింది. ఎంత లేపినా రాదు. ఏం తోచక, నాలో నేను "జై తెలంగాణ" అన్న. నాకే ఇనవడ్డదనుకున్న గని ముందటి బెంచి ఇన్నది. తరగతి తరగతంత లేచి "జై తెలంగాణ!" అని అరిచిండ్రు. చెయ్యి దానంతట అదే పైకి పోయింది.

తిరిగి చూస్తె, తలుపుకాడ కరస్పాండెంటు పిడికిలి గూడ లేసే ఉన్నది. నేను ఇటు మల్లి, బోర్డు పై అంచు కాన్నుంచి లెక్క రాసుడు మొదలువెట్టిన.