కిటికీ కింద పాత కారు

బస్టాండులో డ్రైవర్లూ, కండక్టర్లూ, టీ అమ్మేవాళ్ళూ అందరూ ఆమెను మైకమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ గది ముందు ఏడుస్తున్నాడో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ గొంతులో ఒక గదమాయింపు ఉండేది. "దయచేసి" అంటూనే చెవి పట్టుకుని కూర్చోబెట్టేది. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి సంచులు విసిరి సీట్లు పట్టే వీరులు కూడా ఆవిడ ఒక్కసారి గట్టిగా అనేసరికి వెనక్కి తగ్గేవారు. అడ్డంగా నిలిపిన బస్సుల డ్రైవర్లయితే, నంబరు పిలవకముందే పరుగెత్తుకొచ్చి తీసేవారు.

అంత గొంతున్న మనిషికి ఇంట్లో నోరు లేదు. అంటే మొగుడు కొడతాడనో తిడతాడనో కాదు. ఆయన అలాంటివాడు కాడు. ఆవిడకున్న జబ్బు మొహమాటం. ఎదుటివాళ్ళు ఎక్కడ నొచ్చుకుంటారో అని తన మాట తనే మింగేసుకోవడం. లోకం దీన్ని మంచితనం అంటుంది. మెచ్చుకుంటుంది కూడా. మెచ్చుకోదూ మరి, ఖర్చు తనది కాదు కదా.

భర్త ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎదురుగా కూర్చున్నవాడితో వాడి చావు గురించి నవ్వుతూ మాట్లాడి, సంతకం పెట్టించుకుని, వాడి ఇంట్లోనే టీ తాగి రాగల సమర్థుడు. ఆయనకో పాత డీజిల్ కారు ఉండేది. ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో, సరిగ్గా పడకగది కిటికీ కింద దాని చోటు. రోజూ పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసి అలా వదిలేసి స్నానానికి వెళ్ళేవాడు. డీజిల్ ఇంజను వేడెక్కాలట. ఆయన స్నానం, షేవింగు, బట్టలు, ఫోన్లు అన్నీ అయ్యేదాకా అది కిటికీ కింద దగ్గుతూ ఉండేది. ఆ పొగంతా గదిలోకే. బయలుదేరేటప్పుడు స్టార్ట్ చేసుకోవచ్చుగా అని ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి అంది. ఇంజన్ల గురించి ఆయన చెప్పిన పాఠం వినలేక మళ్ళీ అనలేదు.

వెనక వాటాలో మరిది కుటుంబం ఉండేది. ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి అతను బడికెళ్ళే పిల్లాడు. తల్లి లేదు. జ్వరమొస్తే వదినే, పరీక్ష తప్పితే వదినే, పెళ్ళిచూపులకు చొక్కా ఇస్త్రీ చేసిందీ వదినే. మీసాలొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రయినా ఆవిడకి అతను చిన్నోడే. ఆవిడకి సొంత పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా వాడి మీదే పోసింది.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఎప్పట్లాగే కారు స్టార్ట్ చేసి పెట్టి, వీధి మలుపులో ఎవరో కనబడితే పాలసీ గురించి ఊదరగొడుతూ నిలబడిపోయాడు. గదిలో ఆవిడకి ఊపిరి అందలేదు. మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. చిన్నోడు చూసి, వదినని రెండు చేతులా ఎత్తుకుని, ఎలాగూ ఇంజను ఆడుతున్న ఆ కారులోనే వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. ఊపిరి తీసిందీ ఆ కారే, ఆసుపత్రికి చేర్చిందీ ఆ కారే. ఇంట్లో అందరికీ రెండోదే గుర్తుండిపోయింది.

డాక్టరమ్మ మాట నాన్చే మనిషి కాదు. ఈ ఊపిరితిత్తులు ఇక పొగకి తట్టుకోలేవంది. ఇంట్లో పొగ, పనిలో పొగ, రెండూ కుదరవంది. ముందు ఇంట్లోది పూర్తిగా ఆపమంది. ఆర్నెల్లు చూసి, ఛాతీ తేలికపడితే మైకు దగ్గర నిక్షేపంగా పనిచేసుకోవచ్చు, లేదంటే ఆ ఉద్యోగం వదులుకోవాల్సిందే అంది. ఆ మైకు ముందు కూర్చున్నప్పుడే ఆవిడ ఒక మనిషి. అక్కణ్ణుంచి దిగిపోతే ఇక మిగిలేది ఎవరినీ నొప్పించని ఒక ఆడమనిషి మాత్రమే.

ఆయన నిజంగానే భయపడ్డాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆ వారమంతా ఇంట్లో హైబ్రిడ్ కారు తప్ప వేరే మాట లేదు. నెమ్మదిగా పోతున్నప్పుడు బ్యాటరీ మీద నడుస్తుందనీ, సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోతుందనీ, పెట్రోలు సగానికి సగం మిగులుతుందనీ, పొగ ఉందా లేదా అన్నట్టు ఉంటుందనీ ఆయన అన్నం దగ్గర కూడా చెబుతూనే ఉన్నాడు. చిన్నోడు ఒంటికాలి మీద లేచాడు. బ్యాటరీ పోతే ఎవడు బాగుచేస్తాడు, మన మెకానిక్‌కి మూత తీయడం కూడా రాదు, ఆ ధరకి రెండు మామూలు కార్లొస్తాయి అని అడ్డుపడ్డాడు. అన్నదమ్ములు వాదించుకుంటూనే ఉన్నారు. ఆవిడ వడ్డిస్తూనే ఉంది. చివరికి ఆయన కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "పెట్రోలు మిగలడం, మిగలకపోవడం తర్వాత. మీ వదిన మైకు మిగలాలి," అన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటింట్లోకి వెళ్ళి కొంగుతో తుడుచుకుంది.

ముగ్గురూ కలిసి షోరూముకి వెళ్ళారు. కాగితాలన్నీ అయ్యాక అమ్మేవాడు, పాత కారు మాకిచ్చేస్తారా, ధరలో తగ్గిస్తాం అని అడిగాడు. ఆయన సరేననబోయాడు. అంతలో చిన్నోడు గొంతు సవరించుకున్నాడు. స్కూళ్ళకి నోటు పుస్తకాలూ చాక్‌పీసు పెట్టెలూ సరఫరా చేసే వ్యాపారం అతనిది. అప్పటిదాకా అద్దె ఆటోల్లో తిప్పుతున్నాడు. ఆ కారు తనకి ఉంచితే బాగుండునన్నాడు. బయటివాళ్ళకి ఇవ్వడానికి మనసొప్పడం లేదన్నాడు. "ఆ రోజు వదిన ప్రాణం కాపాడింది ఆ బండే కదా అన్నయ్యా," అన్నాడు.

ఆయన భార్య వైపు తిరిగాడు. "నీ కోసమే కదా ఇదంతా. నువ్వేమంటే అదే," అన్నాడు. అమ్మేవాడు కూడా పెన్ను పట్టుకుని ఆవిడ వైపే చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంటి విషయం ఒకటి ఆవిడ మాట కోసం ఆగడం అదే మొదలు. ఆ కారు మన సందులోనే ఉంటుంది, నా కిటికీ కిందే ఉంటుంది, దాన్ని వదిలించుకోవడానికే కదా ఇంత దూరం వచ్చాం. ఈ మాటలన్నీ వరసగా గొంతుదాకా వచ్చాయి. ఎదురుగా చిన్నోడి మొహం ఉంది. కొత్త పలక అడిగి నిలబడ్డప్పుడు కూడా అదే మొహం.

"వాడికే ఉంచండి. పరాయివాళ్ళకెందుకు," అంది మైకమ్మ.

అందరూ సంతోషించారు. వదిన మనసు వెన్న అన్నాడు చిన్నోడు.

కొత్త కారు వచ్చింది. పిల్లిలా చప్పుడు లేకుండా గేటులోంచి లోపలికి దూరింది. ఖరీదైన బండికి ఎండ తగలకూడదని ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి అందులో పెట్టారు. పాత కారు పాత చోటే ఉంది. సందులో, కిటికీ కింద. ఇదివరకు దాన్ని వేడెక్కించడానికి ఆడించేవారు. ఇప్పుడు బ్యాటరీ ముసలిదైపోయింది, ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనని చిన్నోడి భయం. అందుకని పొద్దున్నే స్టార్ట్ చేసి, ఇంజను ఆడుతుండగానే గోదాము గదిలోంచి అట్టపెట్టెలు ఒక్కొక్కటే మోసుకొచ్చి సర్దుకునేవాడు. అన్న స్నానం కంటే తమ్ముడి పెట్టెలకే ఎక్కువసేపు పట్టేది. కిటికీ మూస్తే గది ఉడికిపోయేది. మూసినా చెక్కల సందుల్లోంచి పొగ దారి చూసుకునేది.

ఆయనకి ఇదేమీ పట్టలేదు. ఆయన వెలిగిపోతున్నాడు. పాలసీ కట్టించడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ముందు హైబ్రిడ్ గురించి చెప్పి, గాలిని మనం పాడుచేసి పిల్లలకేం మిగులుస్తాం అని నిట్టూర్చి, ఆ తర్వాత పాలసీ తీసేవాడు. పెట్రోలు ఎలాగూ తక్కువే తాగుతుంది కదా అని, ఇదివరకు నడిచి వెళ్ళే కిళ్ళీకొట్టుకి కూడా కారు తీసేవాడు. ఒక రాత్రి ఆవిడ మెల్లగా సందులోని పొగ మాట ఎత్తింది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వేగా ఉంచమన్నావు. ఇచ్చిన బండిని ఇప్పుడు నేనెలా లాక్కుంటాను? నువ్వే చెప్పు వాడికి. నీ మాట వాడు కాదనడు," అన్నాడు. అదీ నిజమే. చెబితే వాడు కాదనడు. చెప్పడమే కావాలి.

ఒక ఉదయం చెప్పేద్దామని గుండె రాయి చేసుకుంది. మైకులో ప్రకటన చేసే ముందు లోపల అనుకున్నట్టే, ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు అనుకుని సందులోకి నడిచింది. చిన్నోడు చెమటలు కక్కుతూ పెట్టెలు సర్దుతున్నాడు. వదినని చూసి నవ్వాడు. "ఈ బండి లేకపోతే ఈ ఏడాది దుకాణం మూసేసేవాణ్ణి వదినా. పిల్లల ఫీజులు కూడా దీని పుణ్యమే. అంతా నీ చలవ," అన్నాడు. కాఫీ తాగి వెళ్ళు అంది ఆవిడ. అతను లోపలికొచ్చి కూర్చుని, వదిన చేతి కాఫీ మెచ్చుకుంటూ తీరుబడిగా తాగాడు. అంతసేపూ బయట ఇంజను ఆడుతూనే ఉంది.

అసలు సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు. బస్టాండులో మైకు గదికి ఆ మధ్యే చుట్టూ అద్దాలు బిగించి, ఏసీ పెట్టారు. పొద్దున్న ఇంట్లో బిగుసుకున్న ఛాతీ, మైకు ముందు కూర్చున్నాక మధ్యాహ్నానికి వదులయ్యేది. సెలవు రోజున ఇంట్లో ఉంటే సాయంత్రందాకా పిల్లికూతలే. ఆవిడని బతికిస్తున్నది ఆ బస్టాండే. ఇది విని ఎవరు నమ్ముతారు? నమ్మించాలంటే ఆ పాత కారు పేరెత్తాలి.

ఆర్నెల్లయ్యాక ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. చిన్నోడు ఆ రోజు స్కూళ్ళ తిరుగుడు మానుకుని మరీ వచ్చాడు. వదిన సంచీ, మంచినీళ్ళ సీసా తనే పట్టుకున్నాడు. గొట్టంలో ఊదించి చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. ఏమీ మెరుగవలేదంది. ఇంట్లో పొగ ఆగిందా అని అడిగింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని హైబ్రిడ్ కారు గురించి మొదలుపెట్టాడు. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నేను మిమ్మల్ని అడగలేదు. మీరు చెప్పండమ్మా. ఇంట్లో ఎక్కడైనా పొగ వస్తోందా?"

మైకమ్మ తల తిప్పింది. చిన్నోడు సీసా మూత తీసి, వదినకి దాహమేస్తుందేమోనని సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. ఆ మాటకి వాడు చిన్నబోతాడు, రెండు రోజులు బాధపడతాడు, బండిని వీధిలో పెట్టుకుంటాడు. అంతకంటే ఏమీ జరగదు. వేలమందిని కసిరి వరసలో నిలబెట్టిన ఆ గొంతుకి ఆ ఒక్క మాట బరువైంది.

"లేదండీ. ఇంట్లో ఏమీ లేదు," అంది.

"అయితే బస్టాండే. మైకు వదిలెయ్యండి. ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకోండి," అని డాక్టరమ్మ రాసిచ్చింది. దారిలో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మనం చెయ్యగలిగిందంతా చేశాం అన్నాడు. చిన్నోడు బస్టాండునీ, ఆ బస్సుల్నీ, వాటి పొగనీ నోటికొచ్చినట్టు తిట్టాడు. కారు మాత్రం చప్పుడు లేకుండా పోతోంది.

ఆఖరి రోజున బస్టాండులో ఒక సంగతి జరిగింది. పొగ వల్ల మైకమ్మ వెళ్ళిపోతోందన్న మాట ఎలాగో అందరికీ తెలిసింది. సాయంత్రం ఆవిడ చివరి బస్సు నంబరు చెప్పబోతుంటే ప్లాట్‌ఫారాల మీద నిలబడ్డ బస్సులు ఒక్కొక్కటే ఇంజన్లు ఆపేశాయి. ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఎన్నడూ లేని ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే వినబడి, ఆవిడ నంబరు సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అద్దాల అవతల డ్రైవర్లు స్టీరింగుల మీద చేతులు పెట్టుకుని వింటున్నారు. వాళ్ళలో సగం మంది పేర్లు ఆవిడకి తెలియవు.

మర్నాడు పొద్దున్న ఆవిడ మంచం మీదే ఉంది. లేచి వెళ్ళాల్సిన చోటు లేదు. ముందు షెడ్డులోంచి ఆయన కారు నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. కాసేపటికి సందులో పాత కారు నాలుగు దగ్గులు దగ్గి స్టార్టయింది. పొగ కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి వచ్చింది. పెట్టె భుజాన పెట్టుకుని వెళుతున్న చిన్నోడు కిటికీ దగ్గర ఆగి లోపలికి తొంగి చూశాడు.

"వదినా, కిటికీ వేసుకో. నీకు పొగ పడదు కదా," అన్నాడు ప్రేమగా.

ఆవిడ లేచి వెళ్ళి కిటికీ వేసుకుంది.