మూడు గొట్టాల ఉమ్మి

మొన్న ఆదోనిలో షుగరు చూపించుకుందామని పోతే, రక్తం తీసే నర్సమ్మ ఒకసారి గుచ్చి నరం దొరక్క, రెండోసారీ గుచ్చి, ఆపైన నా చెయ్యి వదిలేసి గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. విసుక్కోలేదు, నొచ్చుకోలేదు, ఆ ముఖంలో అసలేమీ లేదు. నా ఈడువాళ్ళెవరైనా నాలుగు మాటలని వచ్చేవాళ్ళే గానీ, నేను నోరెత్తలేదు. అలాంటి ముఖాన్ని ఇంతకు ముందొకసారి చూసి, చూడనట్టు ఊరుకున్నవాణ్ణి.

కొన్నేళ్ళ కిందటి మాట. నేను ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి వంగి రిటైరై ఇంట్లో ఈగలు తోలుకుంటుండగా, నర్సులను పని ఎంతగా నలగ్గొడుతోందో తేల్చాలని ఒక డాక్టరమ్మ మా వైపు వచ్చి, నన్ను సాయానికి పెట్టుకుంది. నర్సులను నోటితో అడిగితే బాగుండాం మేడం అనే అంటారు, అందుకని ఒంటినే అడగాలన్నది ఆమె పట్టు. ఒత్తిడి పడితే ఒంట్లో ఊరే ఒక పదార్థం ఉమ్మిలోకీ దిగుతుందట. మామూలు మనిషికి అది పొద్దున లేవగానే ఎక్కువగా, పడుకునే వేళకు తక్కువగా ఉంటుందట. లోపల బాగా అరిగిపోయినవాళ్ళలో కొందరికి పొద్దుకూ మాపుకూ తేడా లేక, స్కేలు పెట్టి గీసిన గీతలా ఉంటుందట. లేస్తూనే ఒక గొట్టంలో, అరగంటకు ఇంకొకదాంట్లో, పడుకోబోయే ముందు మూడోదాంట్లో ఉమ్మి, టైము రాసి, ఇంట్లో ఫ్రిజ్జులో పెట్టి, మర్నాడు తేవాలి. గీత చదునుగా వచ్చినవాళ్ళను తానే పెద్ద డాక్టరుకు చూపించి, యాజమాన్యంతో మాట్లాడి డ్యూటీలు మార్పిస్తానని ఆమె మాటిచ్చింది.

ఆ పరిశోధనంతా నా చేతుల మీదుగానే నడిచిందని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. అబద్ధం. ఎమ్మిగనూరు నర్సుల గొట్టాలు ఐసుపెట్టెలో పెట్టుకుని బస్సులో ఆదోనికి మోసుకురావడం, ఆదోనివాళ్ళవి వాటితో కలపడం, పట్టీలో టైములు ఎక్కించడం, ఇంతే నా ఉద్యోగం. పెట్టెలో మనిషి గుండె ఉందని చెప్పి సీటు సంపాదించేవాణ్ణి. పత్తి మార్కెట్టుకు పోయే గోనెగండ్ల రైతొకాయన దానికి దండం కూడా పెట్టాడు పాపం.

డాక్టరమ్మ అన్నీ ఆలోచించింది గానీ, ఎంగిలి సంగతి ఆలోచించలేదు. పాలూ పెరుగూ ఉండే ఫ్రిజ్జులో ఉమ్మి పెట్టనిచ్చే ఇల్లు మా వైపు ఎక్కడుంది? మా చెల్లెలిది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. ఆమె కోడలు ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. గొట్టాలు ఇంటికి తెచ్చిన రోజున మా చెల్లెలు నా మీద కూడా ఎగిరింది.

"నా ఫ్రిజ్జులో దేవుని నైవేద్యానికి పాలు పెట్టుకునేదా, దీని ఎంగిలి పెట్టుకునేదా? నువ్వే సెప్పు అన్నా."

ఇంటింటా ఇదే గొడవ. దాంతో నర్సులంతా డ్యూటీకి వచ్చాకే మూడు గొట్టాలూ ఒక్కసారిగా నింపేసి, తోచిన టైములు వేసి ఇచ్చేవాళ్ళు. నాకు తెలుసు. టైము రాయని గొట్టాలకు నేనే రాశాను కూడా.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. దాదాపు అందరి గీతలూ చదునే. ఈ ఊళ్ళలో నర్సులంతా ఇంతగా అరిగిపోయారా అని ఆమె గాబరాపడితే, నేను పెద్దరికంగా నవ్వి అసలు సంగతి చెప్పి, దొంగ గొట్టాలవాళ్ళ పేర్లు వరుసగా కొట్టివేయించాను. పరిశోధన నిలబెట్టినందుకు శాలువా కప్పిందని చెప్పుకుంటాను గానీ, ఇచ్చింది ఒక టీ. కొట్టివేయించిన పేర్లలో, గీత చదునుగానే వచ్చిన మా చెల్లెలి కోడలిదీ ఉంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు గొడవ నేను కళ్ళారా చూసిందే కదా, అడగడమెందుకు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా చెల్లెలు, కోడలికి బుద్ధొచ్చింది, మాటకు మాట అనడం మానేసింది అని మురిసిపోతూ చెప్పేది. నేనూ మంచిదేలే అన్నాను. ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయి ఉండడం రెండు మూడుసార్లు చూశాను. అలసట అనుకున్నాను.

మూడు నెలలకు ఒక పొద్దున, డ్యూటీ దిగి ఆదోనిలో బస్సెక్కిన ఆ పిల్ల ఎమ్మిగనూరులో దిగలేదు. కోడుమూరులో కండక్టరు దింపి ఏ ఊరమ్మా అని అడిగితే చెప్పలేకపోయింది. మెడలో ఆసుపత్రి కార్డు ఉండబట్టి కబురొచ్చింది. కర్నూలులో పెద్ద డాక్టరు చూసి, ఇది నిన్నా మొన్నటిది కాదు, కొన్ని నెలల ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడట.

చూడ్డానికి పోయినప్పుడు నా మేనల్లుడు, ఆ పిల్ల మొగుడు, మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, ఆ గొట్టాలు సరిగ్గా ఇచ్చి ఉంటే అప్పుడే తెలిసేది గదప్పా అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"సరిగ్గానే ఇచ్చె గదా మామా. ఫ్రిజ్జులో అమ్మ పెట్టనీలేదని, తడిగుడ్డలో సుట్టి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఈ మగ్గం గుంతలో పెడతాండె. ఆడ సల్లగా ఉంటాది గదా. గుడ్డ ఆరిపోకుండా నేనే తడుపుతాంటి."

నాకు తెలియక జరిగిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. అదీ అబద్ధమే. గొట్టాలు నా చేతికిచ్చినప్పుడు ఆ పిల్ల చెప్పింది, "నావి ఈడ ఉమ్మినేవి కాదు మామా, ఇంటికాడ టైముకు ఉమ్మినేవి" అని. అందరూ ఇదే సెప్తాండారులే పాపా అని నవ్వాను. పేరు కొట్టించే రోజున ఆ మాట గుర్తుకొచ్చింది కూడా. ఆమెదొక్కటే ఉంచమంటే సొంతమనిషని ఉంచాడంటారని, ఆరా తీస్తే మిగతావాటికి నేను రాసిన టైములు బయటపడతాయని, మింగేశాను.

మా ఉద్యోగాల కాలంలో వార్డుల్లో అలిసిపోయిన నర్సమ్మ అరిస్తే వరండా చివరిదాకా వినపడేది. పెద్ద నర్సమ్మ వచ్చి చేతిలో ట్రే లాక్కుని, పోయి పడుకో పో అని తరిమేది. ఆ అరుపులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు, ఆసుపత్రులు నిశ్శబ్దంగా, శుభ్రంగా అయ్యాయని మనమంతా సంతోషించాం.

ఇప్పుడు ఎమ్మిగనూరు పోతే, మా చెల్లెలు నా ఎదుటనే కోడలిని కూరలో ఉప్పు ఎక్కువైందనీ, ఇల్లు సరిగా చిమ్మలేదనీ కావాలనే సాధిస్తుంది. ఒక్క ఎదురుమాటైనా వస్తుందేమోనని ఆశ. ఆ పిల్ల చేస్తున్న పని ఆపి, సరే అత్తా అంటుంది. అప్పుడు అన్నాచెల్లెళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కూర్చుంటాం.