మ్యాచ్ అయ్యాక వేద్దామన్న మాట

ఆఫీసులో ఆయన్ని ఎదురుగా సారు అనేవాళ్ళు, చాటుగా నిచ్చెన అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు భుజాన నిచ్చెన, నడుముకి కేబుల్ చుట్టతో మేడ మీంచి మేడ మీదికి వైర్లు లాగేవాడు. సీరియల్ మధ్యలో బొమ్మ పోతే, "మా ఆయన ఆలస్యమైనా పర్వాలేదు, ముందు ఆ నిచ్చెనబ్బాయిని పంపండి" అని ఫోన్లు వచ్చేవి. తల్లీ తండ్రీ లేకపోతే అక్కా బావా పెంచారు. ఒకసారి మేడ మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు నెల్లాళ్ళు చొక్కా తొడిగి, తల దువ్వి పంపింది బావే.

ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ కేబుల్ టీవీ నెట్‌వర్క్‌లోనే ఆపరేషన్స్ హెడ్ అయ్యాడు. ఆయన గదికి ఒక పక్క గాజు గోడ, దాని అవతల కంట్రోల్ రూమ్. అక్కడ ఎన్నాళ్ళగానో పనిచేస్తున్న ఆపరేటరమ్మ చెయ్యి పడితేగాని తెర అడుగున ఒక్క అక్షరం కదలదు.

ఆరోజు ఫైనల్ మ్యాచ్. బయట మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నం మూడింటికి డ్యామ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నాలుగింటికి గేట్లు ఎత్తుతున్నాం, పల్లపు వీధులవాళ్ళని ఖాళీ చెయ్యమని టీవీలో వెయ్యండి అని. ఆపరేటరమ్మ ఆయన గదిలోకి వచ్చింది.

"అడుగున సిమెంటు యాడ్ నడుస్తోంది సార్. తీసేసి ఇది వెయ్యనా?"

"మ్యాచ్ అయ్యేదాకా ఆ చోటు వాళ్ళకిచ్చాం. అరగంటలో అయిపోతుంది, అప్పుడు వేద్దాం."

"నీళ్ళు మ్యాచ్ అయ్యేదాకా ఆగుతాయా సార్?"

"ఏటా వచ్చే ఫోనేగా. చెప్పింది చెయ్యమ్మా."

నిజమే, ఏటా వచ్చేది. నీళ్ళు ఏనాడూ గుమ్మం దాటలేదు. కానీ ఆరోజు మ్యాచ్ అరగంటకి బదులు గంటన్నర సాగింది. హెచ్చరిక తెర మీదికి వచ్చేసరికి పల్లపు వీధుల్లో నీళ్ళు గుండెల దాకా వచ్చేశాయి.

ఏడుగురు పోయారు. వాళ్ళలో ఆ వీధుల్లోనే ఉండే బావ ఒకడు. మోకాళ్ళ నొప్పులతో లేవలేని మనిషి.

"మ్యాచ్ చూస్తూ కూర్చున్నాంరా," అంది అక్క. "ముందే తెలిస్తే నలుగుర్ని పిలిచి ఆయన్ని పక్కింటి మేడ ఎక్కించేదాన్ని. టీవీలో ఒక్క ముక్క రాలేదు."



విచారణ మొదలైంది. యజమాని ఒక కాగితం ముందు పెట్టాడు. సమాచారం అందినా ఆపరేటర్ నిర్లక్ష్యం చేసిందని అందులో ఉంది. "నువ్వు పోతే నెట్‌వర్క్ పోతుంది. ఆవిడ పోతే ఏం పోతుంది?" అన్నాడు. ఆయన సంతకం పెట్టాడు. ఆపరేటరమ్మ ఉద్యోగం పోయింది. మూడు నెలలు తిరక్కుండా ఆయన డైరెక్టర్ అయ్యాడు.

ఆ కుర్చీలో రెండేళ్ళు కూర్చున్నాడు. కంటి నిండా నిద్ర లేదు. ఒక ఆదివారం పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళి, దాచకుండా అంతా చెప్పాడు.

"మీ ఆపరేటరమ్మ ఇదంతా అప్పుడే వచ్చి చెప్పింది," అంది అక్క. "నా తమ్ముడి మీద నిందలేస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టి, మొహం మీద తలుపేశాను. ముందు వెళ్ళి ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకో. మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

ఆపరేటరమ్మ ఒక ఇరుకు గదిలో బట్టలు కుట్టుకుంటోంది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి విన్నది.

"నోటిమాట నాకెందుకు సార్? కాగితం మీద రాసివ్వండి."

కుట్టు మిషను బల్ల మీదే రాసిచ్చాడు. ఆమె ఆ కాగితంతో లేబర్ కోర్టుకి వెళ్ళింది. మర్నాడే ఆయన ఉద్యోగం ఊడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని పాత కొలీగులు నవ్వుకున్నారు.

కేసు ఇంకా తేలలేదు. ఆమె తరఫున జడ్జి ఎదుట నిలబడి, తప్పు నాదని చెప్పే సాక్షి ఆయనొక్కడే. వాయిదా ఉన్న రోజు పదింటికల్లా కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంటాడు. ఆమె అదే బెంచీకి ఆ చివర కూర్చుంటుంది. పిలుపు వస్తే లేచి లోపలికి వెళతారు. రాకపోతే గుమాస్తా చెప్పిన తేదీ ఎవరికి వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు.